కీనోట్‌లో లేని నాలుగు సెంట్లు

మా ఆఫీసులో ఎవరైనా సదస్సుకి వెళ్ళొస్తే రెండే ప్రశ్నలు అడుగుతారు. భోజనం ఎలా ఉంది, కీనోట్ ఎవరిచ్చారు. మొదటిదానికి నిజాయితీగా జవాబు చెప్తాం. రెండోదానికి మాత్రం పేరూ హోదా చెప్పి, “బాగా మాట్లాడాడు” అని ఊరుకుంటాం. ఏం మాట్లాడాడు అని మూడో ప్రశ్న ఎవరూ వెయ్యరు కాబట్టి బతికిపోతాం :)

నేను మ్యాపుల సాఫ్ట్‌వేర్ రాసి పొట్ట పోసుకుంటున్నాను. పెళ్ళిళ్ళలో చుట్టాలు “ఏం చేస్తావురా?” అంటే “జీఐఎస్” అని చెప్పడం ఎప్పుడో మానేశాను. మా మావయ్యయితే, “గూగుల్ మ్యాప్స్ ఉందిగా, ఇంకా మీరు గీసేదేముంది?” అని తేల్చేశాడు. ఆయనకి చెప్పలేకపోయిన సమాధానం కొంత ఇక్కడ చెప్పుకుంటాను.

ఈ రంగంలో ఉన్నవాళ్ళకి హైదరాబాద్‌లో ఉండటం ఒక సౌకర్యం. బాలానగర్‌లో ఎన్ఆర్ఎస్‌సీ ఉంది, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ శిక్షణ సంస్థ ఉంది. దేశదేశాల వాళ్ళొచ్చే సదస్సులు కూడా మన గుమ్మంలోకే వస్తుంటాయి. 2011 జనవరిలో జియోస్పేషియల్ వరల్డ్ ఫోరమ్ హెచ్ఐసీసీలోనే జరిగింది. 2022 అక్టోబర్‌లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ప్రపంచ జియోస్పేషియల్ సమాచార మహాసభ, 2023 మేలో మళ్ళీ వరల్డ్ ఫోరమ్, అన్నీ అక్కడే. విమానం టికెట్ ఖర్చు లేదు కాబట్టి మేనేజర్లు కూడా పెద్దగా అడ్డు చెప్పరు.

అలా విని విని కీనోట్ ఇచ్చేవాళ్ళు నాలుగు రకాలని ఒక లెక్కకొచ్చాను.

మొదటి రకం మంత్రిగారో, పెద్ద అధికారో. జ్యోతి ప్రజ్వలన, శాలువా, ప్రసంగం, వెంటనే ఇంకో కార్యక్రమానికి ప్రయాణం. ఆయనతో పాటు సగం ముందువరసలు ఖాళీ అవుతాయి. రెండో రకం కంపెనీ పెద్ద. మొదటి అయిదు నిమిషాలు భూగోళాన్ని ఎలా కాపాడుకోవాలో చెప్తాడు, మిగతా సమయమంతా దానికి ఆయన ప్రాడక్ట్ ఎందుకు కొనాలో చెప్తాడు. మూడో రకం శాస్త్రవేత్త. స్లైడులో అక్షరాలు చీమల్లా ఉంటాయి, హాల్లో అందరూ ఫోన్లు చూసుకుంటుంటారు, తీరా చూస్తే ఆ పూట పనికొచ్చే మాట చెప్పింది ఆయనొక్కడే అయ్యుంటుంది. నాలుగో రకం దార్శనికుడు. “డేటాయే కొత్త చమురు” అంటాడు. “డిజిటల్ ట్విన్” అంటాడు. చేతులు బాగా తిప్పుతాడు. చప్పట్లన్నీ ఈయనకే.

వెటకారం అనుకోకండి. కీనోట్ల వల్ల ఉపయోగం లేదని నేననను. శాన్ డియాగోలో ఎస్రీ వాళ్ళ యూజర్ సదస్సు ఏటా జరుగుతుంది. ఆ కంపెనీని 1969లో భార్యతో కలిసి మొదలుపెట్టిన జాక్ డేంజర్‌మాండే స్టేజి ఎక్కి తొలి ప్రసంగం చేస్తాడు. 1981లో మొదటిసారి పెట్టినప్పుడు వచ్చినవాళ్ళు 16 మందేనట. ఇప్పుడు వేల మంది. ఆయన మాట్లాడేటప్పుడు తెరమీద ఎక్కువగా కనపడేది వినియోగదారులు చేసిన మ్యాపులు. వాటిలో చిన్న ఊరి మునిసిపాలిటీ వాడిది కూడా ఒకటుండొచ్చు. ఆ పద్ధతి నాకు నచ్చుతుంది.

అదే వేదిక మీద 2009లో పెరూ దేశపు ఆర్థికవేత్త హెర్నాండో డి సోటో మాట్లాడాడు. పేదవాళ్ళ దగ్గర ఆస్తి లేక కాదు, ఆ ఆస్తికి కాగితం లేక వాళ్ళు పేదవాళ్ళుగా ఉండిపోతున్నారన్నది ఆయన చాలా ఏళ్ళుగా చేస్తున్న వాదన. మ్యాపులు గీసేవాళ్ళ సభకి ఇంతకంటే సరైన మనిషి ఎవరు? అదే ఏడు మైసూరులో జరిగిన టెడ్ ఇండియాలో మన లలితేష్ కట్రగడ్డ మాట్లాడాడు. 2008లో నర్గీస్ తుఫాను మయన్మార్‌ని ముంచెత్తినప్పుడు సాయం తీసుకెళ్ళేవాళ్ళకి రోడ్ల మ్యాపుల్లేవు, ఆస్పత్రులెక్కడున్నాయో చూపించే మ్యాపుల్లేవు అని మొదలుపెట్టాడు. 2005 నాటికి ప్రపంచంలో వివరంగా మ్యాపులున్నది 15 శాతానికేనన్నాడు. ఊళ్ళో జనమే తమ ఊరి మ్యాపు గీసుకునేలా మ్యాప్ మేకర్‌ని తయారుచేసిన వాళ్ళలో ఆయనొకడు. 2017లో గూగుల్ దాన్ని మూసేసింది కానీ ఆ ఆలోచన మాత్రం పోలేదు. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. టెడ్ జీఐఎస్ సభ కాదనుకోండి, కానీ మా రంగంలో నేను విన్న మంచి కీనోట్ ఏదంటే నాకు అదే గుర్తొస్తుంది.

ఇంకో సంగతి. వేదికల మీద మాటలు ఊరికే పోవు. మన దేశంలో మ్యాపులంటే ఒకప్పుడు దాచుకోవాల్సిన వస్తువు. 2016లో వచ్చిన ఒక ముసాయిదా బిల్లులోనైతే అనుమతి లేకుండా భౌగోళిక సమాచారం సేకరిస్తే 100 కోట్ల దాకా జరిమానా అని రాశారు. అది చట్టం కాలేదు. అయిదేళ్ళు తిరక్కుండానే, 2021 ఫిబ్రవరి 15న, భారతీయ సంస్థలు ముందస్తు అనుమతి లేకుండా మ్యాపింగ్ చేసుకోవచ్చని మార్గదర్శకాలు వచ్చాయి. 2022 డిసెంబర్‌లో జాతీయ జియోస్పేషియల్ విధానం వచ్చింది. ఈ మధ్యకాలంలో ఎన్ని వేదికల మీద ఎంతమంది ఇదే మాట అరిచారో ఈ రంగంలో వాళ్ళకి తెలుసు.

సరే, అసలు విషయానికొస్తాను. 2022 అక్టోబర్‌లో హెచ్ఐసీసీలో మెడలో పాస్ వేసుకుని కూర్చున్నాను. ఆ మహాసభ నినాదంలో ఒక ముక్క, ఎవరినీ వెనక వదిలెయ్యకూడదు అని. ప్రధాని మోదీ వీడియో సందేశంలో స్వామిత్వ పథకం గురించి చెప్పారు. 2020 ఏప్రిల్‌లో మొదలైన పథకం అది. ఊళ్ళలో ఇళ్ళున్న భాగాన్ని, అంటే మనం గ్రామకంఠం అంటామే, దాన్ని డ్రోన్లతో కొలిచి ఇంటివాళ్ళకి కాగితం ఇవ్వడం. గ్రామకంఠంలో ఇల్లున్నవాడు బ్యాంకుకెళ్ళి అప్పడిగితే ఏమవుతుందో చూసినవాళ్ళకి ఈ పథకం విలువ వేరే చెప్పక్కర్లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొడుతూ తెరమీద ఆ నినాదం వైపు చూశాను. ఎప్పుడో మర్చిపోయాననుకున్న నాలుగు సెంట్లు గుర్తొచ్చాయి.

2014 సంగతి. అప్పుడు నేనున్న కంపెనీకి కోస్తాలో కొన్ని ఊళ్ళ పొలాల రికార్డుల్ని కంప్యూటర్లోకి ఎక్కించే పైలట్ ప్రాజెక్టు వచ్చింది. కోస్తా జిల్లాల్లో ప్రతి సర్వే నంబరుకీ ఎఫ్ఎంబీ అని ఒక పటం ఉంటుంది. తెలంగాణ వాళ్ళకి టిప్పన్ ఎలాగో వీళ్ళకి ఇది అలాగ. బ్రిటిష్ కాలంలో గొలుసు పట్టుకుని లింకుల్లో కొలిచి గీసినవి. గొలుసుకి 100 లింకులు, 66 అడుగులు. వెయ్యి చదరపు లింకులయితే ఒక సెంటు, వంద సెంట్లయితే ఎకరం. ఎంత చక్కటి లెక్కో చూడండి, దశాంశ పద్ధతి మనకి రాకముందే మన పొలాల్లో ఉంది.

చిక్కెక్కడంటే, ఒక్కో పటం విడిగా చూస్తే బాగానే ఉంటుంది. స్కాన్ చేసి, గీతలు గీసి, పక్కపక్కన అతికిస్తే మాత్రం అతకవు. రెండు పొలాల మధ్య ఒకచోట ఖాళీ వస్తుంది, ఇంకోచోట ఒకదానిమీద ఒకటి ఎక్కుతుంది. ఈ సన్నటి పీలికల్ని మేం స్లివర్లంటాం. ఊరికి కొన్ని వందలుంటాయి. చేత్తో సరిచేస్తూ కూర్చుంటే ఊరికి వారాలు పడుతుంది. గడువేమో తరుముకొస్తోంది.

నేనొక స్క్రిప్ట్ రాశాను. విస్తీర్ణం 5 సెంట్ల లోపుండి, పొడవుతో పోలిస్తే వెడల్పు బాగా తక్కువున్న ప్రతి పాలిగాన్‌నీ పట్టుకో, దేనితో ఎక్కువ హద్దు పంచుకుంటోందో ఆ పక్క పొలంలో కలిపెయ్యి. అంతే. నలభై లైన్లు కూడా లేదు. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఊళ్ళకి ఊళ్ళు శుభ్రం. టీమ్‌లో అందరూ నా వీపు తట్టారు.

కొన్నాళ్ళకి మా కంపెనీ పెద్ద ఒక సదస్సులో మాట్లాడాడు. నన్నూ తీసుకెళ్ళారు. ఆయన స్లైడుల్లో ఒకటి నా స్క్రిప్ట్ మీద. ఎడమవైపు గజిబిజిగా ఎర్రగీతలున్న ఊరు, కుడివైపు కడిగిన ముత్యంలా ఉన్న అదే ఊరు. హాలంతా చప్పట్లు. వెనకవరసలో కూర్చుని నేను పొంగిపోయాను. అమ్మకి ఫోన్ చేసి కూడా చెప్పాను.

తర్వాత రెండు నెలలకి ఆ ఊళ్ళలో ఒకదానికి వెళ్ళాల్సొచ్చింది. మ్యాపు ప్రింటు పట్టుకుని, సర్వేయరుతో కలిసి నేలమీద సరిచూడటం. కంప్యూటర్ వాళ్ళెవరైనా ఒకరు ఉండాలంటే నన్ను పంపారు. సర్వేయరు తనతో పాటు ఒక పెద్దాయన్ని తెచ్చుకున్నాడు. రిటైరైన చైన్‌మన్. డెబ్భై దాటి ఉంటాయి. చైన్‌మన్ అంటే గొలుసు మోసేవాడు. సర్వేయరు కాగితంమీద రాస్తుంటే ముళ్ళల్లో బురదలో నడిచి గొలుసు లాగి పట్టుకునేది ఆయనే.

ఆయనకి మ్యాపు అక్కర్లేకపోయింది. ఎక్కడ రాయి ఉందో, ఏ రాయి ఎవరు పీకేశారో గుర్తుంది. ఒకచోట ఆగి, నా చేతిలో ప్రింటు చూపించమన్నాడు. చాలాసేపు చూశాడు.

“బాబుగారూ, ఇక్కడ బాటేది?”

“ఏ బాటండీ?”

“తొమ్మిది లింకుల బాట. నాలుగొందల నలభై లింకుల పొడుగు. నేనే గొలుసు పట్టుకున్నా.”

మీరు లెక్కేసుకోండి. తొమ్మిదింట నాలుగొందల నలభై, 3,960 చదరపు లింకులు. ఇంచుమించు 4 సెంట్లు. ఆరడుగుల వెడల్పు. పొడవెక్కువ, వెడల్పు తక్కువ, 5 సెంట్ల లోపు. నా స్క్రిప్ట్ దృష్టిలో దానికీ పీలికకీ తేడా లేదు. పొలంలో కలిపేసింది.

ల్యాప్‌టాప్ తీసి పాత ఎఫ్ఎంబీ స్కాన్ చూశాం. ఉంది. విడిగా సబ్‌డివిజన్ నంబరు వేసి, దారి పోరంబోకు అని స్పష్టంగా ఉంది. ఊరి చివరున్న పేటవాళ్ళు శ్మశానానికి వెళ్ళే బాట అది. పక్క పొలం రైతు అక్కడే నిలబడి ఉన్నాడు. చెడ్డవాడేం కాదు, మాకు కొబ్బరి బొండాలు కొట్టించి ఇచ్చినవాడే. ఆయన నవ్వుతూ అన్నాడు, “కంప్యూటర్లో లేదంటే లేనట్టేగా సార్?”

ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయన ప్రింటు మడిచి నా చేతికిచ్చాడు.

“మాది ఆ పేటేనండీ. రేపు నన్నెటు తీసుకెళ్తారు?”

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నేను “సరిచేస్తాం” అన్నాను. ఆ ఊరిది సరిచేశాం కూడా. ఆ సాయంత్రమే చేశాను, పది నిమిషాల పని.

మరి మిగతా ఊళ్ళు? ఆఫీసుకొచ్చి స్క్రిప్ట్ తెరిచి చూసుకుంటే, ఏ పాలిగాన్‌ని దేనిలో కలిపిందో ఎక్కడా రాసిపెట్టలేదు. లాగ్ లేదు. నలభై లైన్లలో ఇంకో రెండు లైన్లు రాయడానికి నాకు బద్ధకమైంది. స్కాన్లతో ఒక్కోటీ మళ్ళీ పోల్చి చూద్దామని మా మేనేజర్‌ని అడిగాను. డేటా ఇచ్చేశాం, బిల్లు పాసైంది, ఒప్పందం ప్రకారం ఉండాల్సిన దానికంటే మన తప్పుల శాతం తక్కువే అన్నాడు. అది అబద్ధం కాదు. శాతంలో చూస్తే ఆ బాట లెక్కలోకే రాదు. నేను ఇంకోసారి అడిగాను. మూడోసారి అడగలేదు. ఆ ఏడాది నాకు మంచి రేటింగే వచ్చింది.

ఇదీ నేను హెచ్ఐసీసీలో కూర్చుని తల్చుకున్నది. వెనక వదిలెయ్యకూడదన్న ఆ “ఎవరినీ”లో ఉండాల్సిన మనుషుల్ని నేనెప్పుడో వదిలేశాను. దురుద్దేశంతో కాదు. టాలరెన్స్ విలువ ఒకటి డిఫాల్ట్‌గా పెట్టేసి వదిలేశాను.

కీనోట్లకీ పేపర్లకీ ఒక తేడా గమనించారా? పక్క గదుల్లో చిన్న చిన్న పేపర్లు చదివేవాళ్ళని చివర్లో ప్రశ్నలడుగుతారు, ఒక్కోసారి ఏడిపిస్తారు కూడా. కీనోట్ ఇచ్చినాయన్ని సాధారణంగా ఎవరూ అడగరు. జ్ఞాపిక ఇచ్చి, ఫోటో తీసి పంపిస్తారు. అందరికంటే ఎక్కువమంది వినే మాటని అందరికంటే తక్కువ ప్రశ్నిస్తారన్న మాట. ఆ రోజు మా పెద్ద నా స్లైడు చూపించినప్పుడు, “కుడివైపు మాయమైన ఎర్రగీతల్లో నిజమైనవి ఎన్ని?” అని హాల్లో ఒక్కరు అడిగుంటే? నా దగ్గర జవాబు లేదని అప్పుడే తేలిపోయేది. డేటా ఇంకా మా చేతిలోనే ఉంది అప్పటికి.

ఇది కొత్త జబ్బు కాదు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర బేస్‌లైన్ కొలవడంతో మహా త్రికోణమితి సర్వే మొదలైంది. తర్వాత దాంట్లో చేరిన జార్జ్ ఎవరెస్ట్‌ని మొదట పంపింది మన కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లోకే. 1819 వానాకాలంలో ఆయనకీ, ఆయన మనుషుల్లో చాలామందికీ అడవి జ్వరం పట్టుకుంటే హైదరాబాద్‌కి మోసుకురావాల్సొచ్చింది. కొందరు చచ్చిపోయారు. ఎవరెస్ట్ పేరు ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తైన కొండకి పెట్టారు. ఆ చచ్చిపోయినవాళ్ళలో ఒక్కడి పేరు కూడా మన పాఠాల్లో లేదు. గొలుసుకి రెండు కొసలుంటాయి. ఒక కొస పట్టుకున్నవాడే ఎప్పుడూ వేదిక ఎక్కుతున్నాడు.

చైన్‌మన్‌ని పిలిచి కీనోట్ ఇప్పించండి అంటే నిర్వాహకులు నవ్వుతారు. సరే, వద్దు. కానీ ఒకటడగొచ్చు. కీనోట్ ఇచ్చే ప్రతివాళ్ళూ, మంత్రిగారైనా కంపెనీ పెద్దయినా, తమ మ్యాపు తప్పైన చోటు ఒక్కటి చూపించాలి. ఎక్కడ తప్పింది, ఎవరు కనిపెట్టారు, ఏం చేశారు. మూడు నిమిషాలు చాలు. విమానాలు నడిపేవాళ్ళు ప్రమాదాల్ని విప్పి చూసుకునే కదా ఇంత భద్రంగా నడుపుతున్నారు. పొలం గట్టు విమానం కంటే చిన్నదే కావచ్చు, దాని కోసం తలకాయలు పగిలిన ఊళ్ళు మనందరికీ తెలుసు.

మర్నాడు ఆఫీసుకెళ్ళాను. కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడు, “కీనోట్ ఎలా ఉందన్నా?” బాగుందని చెప్పి, అతని మానిటర్ వైపు చూశాను. డేటా శుభ్రం చేసే కోడే రాస్తున్నాడు. “కలిపేసినవన్నీ లాగ్‌లోకి రాస్తున్నావా?” అన్నాను. “ఎందుకన్నా, ఫైల్ పెద్దదైపోతుంది” అన్నాడు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. తొమ్మిది లింకుల బాట కథ చెప్పడానికి పావుగంట పట్టింది. విని ఏమీ అనలేదు కానీ రెండు లైన్లు రాశాడు. ఇప్పుడు మా దగ్గర, కలిపెయ్యాల్సిన ప్రతి పీలికా ముందు ఒక జాబితాలోకి వెళ్తుంది. ఒక మనిషి స్కాన్ చూసి సరేనన్నాకే కలుస్తుంది. దానికి అదనంగా పట్టే రోజుల కోసం ప్రతి ప్రాజెక్టులోనూ పోట్లాడుతూనే ఉన్నాను. కొన్నిసార్లు ఓడిపోతాను.

ఆ పెద్దాయన ఇప్పుడున్నాడో లేడో నాకు తెలీదు. పోయుంటే, ఆ బాటనే తీసుకెళ్ళుంటారని అనుకుంటాను. ఆ ఊరి మ్యాపులో అది ఉందని మాత్రం నాకు తెలుసు. పక్క ఊళ్ళ సంగతే ఇప్పటికీ చెప్పలేను.

మీలో బ్యాంకు డేటా శుభ్రం చేసేవాళ్ళుంటారు, ఆస్పత్రి రికార్డులు కలిపేవాళ్ళుంటారు, ఓటర్ల జాబితాలో డూప్లికేట్లు ఏరేసేవాళ్ళు కూడా ఉండొచ్చు. ఒక్కసారి మీ స్క్రిప్ట్ తెరిచి చూడండి. అది తీసిపారేసినవి ఎక్కడికి పోతున్నాయో.